మిలటరీలో పీహెచ్ (వికలాంగుల) కోటా ఉందా, లేదా? మా ఇంట్లో రోజూ ఇదే గొడవ

మండపేట_మాధురి:
అందరికీ నమస్కారమండి. మా చెల్లి బీకాం చేసింది, టైపింగ్ లోయర్ కూడా పాసయింది. పుట్టుకతోనే ఎడమకాలు కాస్త పొట్టి, మడమ నేలకు ఆనదు. సదరం క్యాంపులో 45 శాతం వైకల్యం వేశారు. విశాఖలో నేవీ వాళ్ళ క్లర్కు, స్టోర్‌కీపర్ పోస్టులకు నోటిఫికేషన్ పడితే రాస్తానని పుస్తకాలు కొనుక్కుంది. మా బాబాయి ఎయిర్‌ఫోర్సులో చేసి వచ్చాడు. ఆయనదొకటే మాట: "కాలు బాగోని పిల్లను మిలటరీ గేటు దాకా కూడా రానివ్వరు, ఆ డబ్బులతో బ్యాంకు కోచింగ్ చేర్పించండి." పక్కింటి మాస్టారేమో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగమన్నాక నాలుగు శాతం కోటా ఉండి తీరాలంటారు. ఎవరి మాట వినాలో తెలియక మా అమ్మకు టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకో డౌటు కూడా. ఉద్యోగం వచ్చిందే అనుకుందాం, అక్కడ లిఫ్టులూ ర్యాంపులూ ఉంటాయా, లేక మూడో అంతస్తులో కూర్చోబెట్టి ఎక్కమంటారా?

తూర్పుతీరం:
మాధురి గారూ, మాది రామచంద్రపురం. విశాఖలో రక్షణ శాఖ కింద సివిలియన్‌గా పనిచేస్తున్నాను. మీ బాబాయి గారి మాట యూనిఫాం ఉద్యోగాలకు నిజం, మాస్టారి మాట సివిలియన్ ఉద్యోగాలకు నిజం. గేటు ఒకటే కానీ లోపల రెండు రకాల మనుషులం ఉంటాం. డాక్‌యార్డు, ఆయుధ డిపోలు, ఎంఈఎస్ (మిలటరీ ఇంజినీరింగ్ విభాగం), స్టోర్సు, ఆఫీసులు, వీటన్నిటిలో యూనిఫాం లేనివాళ్ళు వేలల్లో ఉన్నారు. మాకు 2016 వికలాంగుల హక్కుల చట్టం మిగతా కేంద్ర ఉద్యోగులకు వర్తించినట్టే వర్తిస్తుంది. దాని 34వ సెక్షన్ ప్రకారం నాలుగు శాతం. చూపు లేనివారికి, చూపు మందగించినవారికి ఒకటి. వినికిడి లోపానికి ఒకటి. కాళ్ళూ చేతుల లోపాలకు ఒకటి, మీ చెల్లి వచ్చేది ఇందులోనే. ఆటిజం, మానసిక అనారోగ్యం, ఒకటికి మించిన లోపాలు ఉన్నవారికి కలిపి మిగిలిన ఒకటి. 40 శాతం ఉంటే చాలు, ఆమెకు 45 ఉంది కదా.

నోటిఫికేషన్ చదివేటప్పుడు ఖాళీల పట్టిక చూసి ఆగిపోవద్దు. పోస్టు పేరు పక్కన ఓఎల్, ఓఏ, బీఎల్, హెచ్‌హెచ్ అని ఉంటాయి. ఓఎల్ అంటే ఒక కాలు. దాని పక్కనే ఎస్, ఎస్‌టీ, డబ్ల్యూ, బీఎన్ అని పని స్వభావం వేస్తారు: కూర్చోవడం, నిలబడటం, నడవడం, వంగడం. క్లర్కు పోస్టుకు ఓఎల్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. స్టోర్‌కీపర్ దగ్గర మాత్రం డబ్ల్యూ, బీఎన్ రెండూ ఉన్నాయేమో చూసుకోవాలి, ఎందుకంటే డిపో అంటే రోజంతా ర్యాకుల మధ్య తిరుగుడే. వయసులో పదేళ్ళ సడలింపు ఉంది, మామూలుగా ఫీజు కట్టక్కర్లేదు.

ర్యాంపుల సంగతి రాత్రికి రాస్తా, షిఫ్టు టైమైంది.

రన్నింగ్‌ట్రాక్_తణుకు:
నేను అగ్నివీర్‌కి ప్రిపేర్ అవుతున్నాను. తెల్లారి నాలుగింటికి గ్రౌండులో ఉంటాం. 1600 మీటర్ల పరుగులో కొన్ని సెకన్లు ఎక్కువైతే బయటికి పంపేస్తారు. చెవిలో గుబిలి ఉందని, మోకాళ్ళు తగులుతున్నాయని, రంగులు సరిగ్గా చెప్పలేదని ఎంతమందిని పంపేశారో. మమ్మల్ని అంత చూసి తీసుకుంటూ ఇంకోపక్క కోటా ఇస్తామంటే ఎలాగండి? ఎవరినీ కించపరచడం లేదు, అడుగుతున్నానంతే.

తూర్పుతీరం:
తమ్ముడూ, నువ్వు రాసే పోస్టుల్లో ఆ కోటా లేదు. నీ సీటు ఎవరూ తీసుకోవడం లేదు, నిశ్చింతగా పరిగెత్తు.

డ్రిల్లుమాస్టారు:
తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం మాది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ మా ఊళ్ళో ఇంటికొకరు పటాలంలోకి వెళ్ళినవాళ్ళే. నేను సుబేదారుగా రిటైరయ్యాను. సివిలియన్ ఉద్యోగాల్లో కోటా ఇస్తే నాకు అభ్యంతరం లేదు, ఇవ్వాలి కూడా. యూనిఫాంలో మాత్రం కుదరదు. క్లర్కుకూ వంటవాడికీ ఎందుకు కుదరదని పిల్లలు అడుగుతుంటారు. పీస్ స్టేషన్లో క్లర్కు పొద్దస్తమానం కంప్యూటర్ ముందే ఉంటాడు, నిజమే. అదే యూనిట్ ఫీల్డుకు వెళితే అదే క్లర్కు రాత్రి సెంట్రీ డ్యూటీ చేస్తాడు, కాన్వాయ్‌లో రైఫిల్ పట్టుకుని కూర్చుంటాడు. దాడి జరిగినప్పుడు ఇతను క్లర్కని ఎవడూ వదిలిపెట్టడు. పక్కనున్న జవాను తన ప్రాణంతో పాటు అతని ప్రాణం కూడా చూసుకోవాల్సి వస్తుంది.

భీమవరం_వకీలు:
సుబేదారు గారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. చట్టం కూడా దాదాపు అదే దారిలో నడిచింది. పని స్వభావాన్ని బట్టి ఫలానా సంస్థను మినహాయించే అధికారం 20, 34 సెక్షన్లు ప్రభుత్వానికిచ్చాయి. 2021 ఆగస్టులో బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల పోరాట సిబ్బంది పోస్టులన్నిటినీ అలాగే మినహాయించారు. ఐపీఎస్‌ను కూడా. ఐపీఎస్ మీద సుప్రీంకోర్టుకు వెళితే, 2022 మార్చిలో తాత్కాలికంగా దరఖాస్తు చేసుకోనిచ్చారు.

నాకు ఇబ్బందిగా అనిపించేది ఉద్యోగంలో చేర్చుకునేటప్పటి నిబంధన కాదండి. అదే చట్టంలో 20వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగిని తీసేయకూడదు, ర్యాంకు తగ్గించకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి, పోస్టు లేకపోతే అదనంగా సృష్టించాలి. ఆర్టీసీ డ్రైవరుకు చూపు తగ్గితే, లైన్‌మన్ స్తంభం మీంచి పడితే, వాళ్ళను కాపాడే రూలు ఇది. మినహాయింపు ఇచ్చినచోట జవానుకు ఈ రక్షణ కూడా పోతుంది. కాలు పోగొట్టుకునే అవకాశం ఎక్కువగా ఉన్న ఉద్యోగానికే ఈ రక్షణ లేకపోవడం ఏం న్యాయం?

గన్నర్_నరసాపురం:
ఆయ్, మంచి మాటన్నారు వకీలు గారు. నాది ఫిరంగి దళం. ఫైరింగ్ రేంజిలో ఏళ్ళ తరబడి ఉన్నవాడి చెవులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. మా యూనిట్లో చెవి గురించి ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు. షేప్ అని ఐదు అక్షరాల గ్రేడింగ్ ఉంటుంది: మనసు, వినికిడి, కాళ్ళూ చేతులు, శరీర దారుఢ్యం, కంటిచూపు. ఐదింటిలోనూ ఒకటి ఉంటే షేప్ వన్. ఏ ఒక్కదాంట్లో రెండు పడినా లో మెడికల్ కేటగిరీ. ప్రమోషన్ కోర్సులకు బ్రేకు, మంచి పోస్టింగులకు బ్రేకు. అందుకని హవల్దారు కావాల్సినవాడు చెవి పరీక్ష రోజు ఎలాగోలా నెట్టుకొచ్చేస్తాడు. వాకీటాకీలో ఆర్డరు సరిగ్గా వినపడని మనిషి ఫిరంగి దగ్గర ఉండటం ఎంత ప్రమాదమో సుబేదారు గారికి తెలుసు. వైకల్యం ఉన్నవాణ్ణి రానివ్వకపోతే సేఫ్టీ అనుకుంటున్నారు. ఉన్నవాడు చెప్పుకోలేకపోవడమే అసలు ప్రమాదం అని నేనంటాను.

రిటైరయ్యేవాళ్ళకో మాట. రిలీజ్ మెడికల్ బోర్డులో మొహమాటపడొద్దు. ఉన్నదంతా రాయించండి. తర్వాత ఎంత తిరిగినా "సర్వీసులో వచ్చినట్టు రికార్డు లేదు" అంటారు.

భీమవరం_వకీలు:
దానికి 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దారి చూపించింది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే ఆరోగ్యంగానే చేరినట్టు లెక్క. సర్వీసు వల్ల రాలేదని నిరూపించాల్సింది సైన్యమే, జవాను కాదు. 20 శాతం, ఆపైన ఉంటే డిసేబిలిటీ ఎలిమెంట్ (పెన్షన్‌లో వైకల్యానికిచ్చే భాగం) వస్తుంది, దాన్ని 50కో 75కో 100కో సర్దుతారు. 2023 సెప్టెంబరు నుంచి కొత్త రూల్సు వచ్చాయి కాబట్టి మనిషి ఎప్పుడు బయటికొచ్చాడన్నది ముందు చూడాలి. మనవాళ్ళకు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చెన్నై బెంచి.

మాడరేటర్:
మెడికల్ బోర్డు కాగితాల ఫొటోలు ఇక్కడ పెట్టకండి. ఇందాక ఒకరు పెట్టారు, తీసేశాను. సర్వీసు నెంబరు కూడా కనిపిస్తోంది.

రన్నింగ్‌ట్రాక్_తణుకు:
మరి అగ్నివీర్‌కి ఏమైనా జరిగితే? మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు. అందరం జీతం, సేవానిధి (నాలుగేళ్ళయ్యాక ఇచ్చే మొత్తం) గురించే మాట్లాడుకుంటాం.

భీమవరం_వకీలు:
సర్వీసు వల్ల వైకల్యం వస్తే ఒకేసారి ఇచ్చే పరిహారం ఉంది. 100 శాతానికి 44 లక్షలు, 75కి 25 లక్షలు, 50కి 15 లక్షలు. మిగిలిన కాలానికి జీతం, సేవానిధి కూడా ఇస్తారు. నెలనెలా డిసేబిలిటీ పెన్షన్ ఉండదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి 15 లక్షలు ఎన్నాళ్ళు వస్తాయో మీ ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని లెక్కేసుకో. పరుగు ఆపమని కాదు, తెలిసి పరిగెత్తమని.

లంకపిల్ల:
మా అన్నయ్య గురించి రాద్దామా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. డ్యూటీలో బండి లోయలో పడి వెన్నుపూస దెబ్బతింది. నడుం కింద స్పర్శ లేదు. పుణే దగ్గర ఖడ్కీలో పారాప్లెజిక్ రీహాబిలిటేషన్ సెంటర్ ఉంది, 1974 నుంచి నడుస్తోంది. అక్కడ కొంతకాలం ఉన్నాడు. వీల్‌చైర్లో బాస్కెట్‌బాల్ ఆడేవాడు, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూముకి ఎవరి సాయమూ లేకుండా వెళ్ళేవాడు. గడపలుండవు, తలుపులు వెడల్పు, స్విచ్చులు చేతికందేంత కిందికి. అక్కడ మా అన్నయ్య వికలాంగుడిలా అనిపించలేదు నాకు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కథ. మాది రాజోలు వైపు. 86 వరదల తర్వాత మా నాన్న ఇల్లు మూడడుగుల పునాది మీద కట్టించాడు, మా వీధంతా అంతే. వీల్‌చైరు ర్యాంపుకి ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని రూలు. అంటే మూడడుగులకు ముప్పై ఆరడుగులు. మా వాకిలి మొత్తం అంత లేదు. మేస్త్రీ పది అడుగుల్లో లాగించేశాడు, ఎక్కేటప్పుడు వెనక్కి పడిపోయేంత నిట్టనిలువు. చివరికి ఇంటి పక్కనుంచి వెనక్కి తిప్పి, మధ్యలో ఒక చదును వేసి, కొబ్బరిచెట్టు ఒకటి కొట్టించి కట్టాం. వానాకాలం నాచు పడితే చక్రం జారుతుంది, సున్నపు నీళ్ళు కొట్టి గీకాలి.

నరసాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కాలి. పంటుకీ గట్టుకీ మధ్య వేసే చెక్క మీద ఇద్దరు మనుషులు కుర్చీ ఎత్తి పట్టుకుంటారు. వాళ్ళు మంచివాళ్ళే, ఎప్పుడూ విసుక్కోలేదు. అయినా పటాలంలో పనిచేసిన మనిషికి బస్తాలాగా మోయించుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. వద్దులే అని బయటికి వెళ్ళడం తగ్గించేశాడు. మాజీ సైనికులకని పెట్టిన ఒక ఆఫీసుకు వెళితే అక్కడా ఐదు మెట్లు. గుమాస్తా బయటికొచ్చి సంతకం పెట్టించుకున్నాడు, రోడ్డు మీద, ఎండలో. ఎవరి పేరూ చెప్పను.

డ్రిల్లుమాస్టారు:
అమ్మా, ఆ ఆఫీసు మెట్ల సంగతి చదివి బాధేసింది. మాజీ సైనికుల ఆఫీసుకు ర్యాంపు లేకపోవడానికి సాకు ఏమీ లేదు.

మీ అన్నయ్యకు చెప్పు. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన మన ఈఎంఈ (సైన్యంలో యంత్రాల మరమ్మతు విభాగం) జవాను మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం తెచ్చాడు. మందుపాతరలో కాలు పోయిన అసోం రెజిమెంట్ హవల్దారు హొకాటో సెమా 2024 పారిస్‌లో షాట్‌పుట్‌లో కాంస్యం తెచ్చాడు. 71 యుద్ధంలో కాలు పోగొట్టుకున్న ఇయాన్ కార్డోజో ఆ తర్వాత పట్టుబట్టి బెటాలియన్‌కి కమాండర్ అయ్యాడు. రెండు కాళ్ళూ పోయిన పంకజ్ జోషీ లెఫ్టినెంట్ జనరల్ దాకా వెళ్ళారు. సైన్యం తనవాళ్ళను వదిలేయదు.

లంకపిల్ల:
సుబేదారు గారూ, ఆ పేర్లు మా అన్నయ్యకు కంఠతా వచ్చు. మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అవే చెబుతారు. పతకం తేవాలన్న రూలేమీ లేదుగా? నెలకోసారి పంటు దాటి సినిమాకి వెళ్ళొస్తే చాలంటాడు వాడు.

తూర్పుతీరం:
షిఫ్టు దిగాను. సుబేదారు గారి చివరి పోస్టు చదివాక ఒకటి అడగాలనిపించింది. ఒంటికాలితో బెటాలియన్‌ను నడిపించిన ఆఫీసరు ఉన్నాడు. గాయపడి లో మెడికల్ కేటగిరీలో పడ్డ జవాన్లను షెల్టర్డ్ అపాయింట్‌మెంట్ అని స్టోర్సులో, రికార్డు ఆఫీసులో, ట్రైనింగ్ సెంటర్లో పెట్టుకోవడం సైన్యంలో మామూలే. అంటే ఏ పని కాలు లేకుండా చేయొచ్చో, ఏది చేయకూడదో సైన్యానికి మనందరికన్నా బాగా తెలుసు. ఆ లిస్టు వాళ్ళ దగ్గర ఇప్పటికే ఉంది. గాయపడి వచ్చినవాడికి ఇస్తున్న కుర్చీ పుట్టుకతో కాలు లేనివాడికి ఎందుకు ఇవ్వకూడదంటే, ఆ కుర్చీలు తక్కువ, అవి ముందు మావాళ్ళకు కావాలి అని జవాబివ్వండి, ఒప్పుకుంటాను. అసలు కుదరని పని అంటే మాత్రం ఒప్పుకోను.

డ్రిల్లుమాస్టారు:
మొదటి జవాబే నాది. ఆ కుర్చీలు గాయపడి వచ్చినవాళ్ళకే చాలడం లేదు. రెండోది నేనూ అనను.

భీమవరం_వకీలు:
కోర్టు కూడా మనిషిని కాకుండా పనిని చూడమనే అంటోంది. 2021 డిసెంబరులో సీఆర్‌పీఎఫ్‌లో మానసిక అనారోగ్యం ఉన్న ఒక అధికారి కేసులో క్రమశిక్షణ చర్యలు కొట్టేస్తూ, అతనికి వేరే పోస్టు ఇవ్వాల్సి వస్తే జీతం, సర్వీసు షరతులు కాపాడాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పోస్టులో ఆయుధాలు చేతికి రాకుండా చూసుకునే స్వేచ్ఛ మీకుంది అని కూడా అదే తీర్పులో రాసింది. తుపాకీ ఇవ్వకండి, ఉద్యోగం తీయకండి. సుబేదారు గారి భయానికీ గన్నర్ గారి బాధకూ ఒకే తీర్పులో జవాబుంది.

సియాటిల్_గోదారోడు:
మాది పాలకొల్లు, ఇక్కడ డిఫెన్సు కాంట్రాక్టరు దగ్గర సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అమెరికాలో కూడా యూనిఫాం వేసుకున్నవాళ్ళకు వైకల్య వివక్ష చట్టాలు వర్తించవు, ఇంగ్లండ్‌లో 2010 సమానత్వ చట్టం కూడా వైకల్యం విషయంలో సైన్యానికి మినహాయింపు ఇచ్చింది. సివిలియన్ల విషయంలో మాత్రం తేడా బాగా కనిపిస్తుంది. 1973 రీహాబిలిటేషన్ చట్టంలో 508వ సెక్షన్ అని ఉంది. ఫెడరల్ ప్రభుత్వం కొనే దాదాపు ప్రతి వెబ్‌సైటూ సాఫ్ట్‌వేరూ చూపు లేనివాళ్ళు కూడా వాడగలిగేలా ఉండాలి. తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఫారం నింపలేకపోతే మా డెలివరీ వెనక్కొస్తుంది. రక్షణ శాఖలోనే క్యాప్ అని 1990లో పెట్టిన విభాగం ఒకటి ఉంది, ఉద్యోగికి కావాల్సిన ప్రత్యేక కీబోర్డు, వినికిడి పరికరం లాంటివి వాళ్ళే కొనిస్తారు, ఆ ఖర్చు అతని ఆఫీసు బడ్జెట్లోంచి పోదు. ఖర్చు తన నెత్తిన పడదని తెలిస్తే మేనేజరు మొహం ఎంత మారుతుందో చూడాలి.

అమలాపురం_ఆడియో:
నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏతో చదువుతున్నాను. మనవైపు నోటిఫికేషన్లు సగం కాగితాన్ని ఫొటో తీసి పీడీఎఫ్‌గా పెట్టినవే. నా ఫోను "చిత్రం, చిత్రం, చిత్రం" అని చదువుతుంది. నాలుగు శాతంలో ఒక శాతం మాకుందని ఆ చిత్రంలోనే రాసి ఉంటుంది కాబోలు.

తూర్పుతీరం:
మీ వ్యాఖ్య మా ఆఫీసులో నలుగురికి చదివి వినిపించాను, నవ్వారు, తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

మాధురి గారి ర్యాంపుల ప్రశ్న మిగిలింది. పాత బ్రిటిష్ కాలపు షెడ్లలో గడపలు ఎత్తు, కొత్త ఆఫీసుల్లో లిఫ్టులున్నాయి. పబ్లిక్ భవనాలన్నిటినీ ఐదేళ్ళలో మార్చాలని చట్టంలో ఉంది, ఆ గడువు 2022లోనే అయిపోయింది. ప్రమాణాలు పాటిస్తే పాటించండి అన్నట్టున్న రూలును 2024 నవంబరులో సుప్రీంకోర్టు తప్పుపట్టి, తప్పనిసరి ప్రమాణాలు పెట్టమంది. కాబట్టి మీ చెల్లి చేరిన రోజునే గ్రౌండ్ ఫ్లోర్లో సీటు కావాలని రాతపూర్వకంగా అడగాలి. నోటిమాటగా అడిగితే "చూద్దాంలేమ్మా" అంటారు. ప్రతి ప్రభుత్వ సంస్థలో ఈ చట్టం కింద ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారణ జరపాలి. అక్కడా కదలకపోతే ఢిల్లీలో వికలాంగుల చీఫ్ కమిషనర్ ఉన్నారు.

రాజమండ్రి_అమ్మ:
ఇంతమంది తెలిసినవాళ్ళున్నారు కాబట్టి అడుగుతున్నాను. మా అక్క కొడుకు ఆఫీసర్ ట్రైనింగ్‌లో ఉండగా వెన్నుకు దెబ్బ తగిలి ఇంటికి పంపేశారు. కమిషన్ (ఆఫీసరుగా నియామకం) రాలేదు కాబట్టి మాజీ సైనికుడు కాదట. మరి వాడు ఎవరు?

భీమవరం_వకీలు:
అమ్మా, ఈ విషయాన్నే 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే చేపట్టింది. ఆ తర్వాత అలాంటి క్యాడెట్లకు మాజీ సైనికుల పథకం ఈసీహెచ్‌ఎస్ వైద్యం వర్తింపజేశారు. నెలనెలా ఎక్స్‌గ్రేషియా కూడా ఉంటుంది, శాతాన్ని బట్టి. బాబు కాగితాలు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ముందు వెళ్ళండి, తర్వాత నాకు మెసేజ్ పెట్టండి.

మండపేట_మాధురి:
అందరికీ చాలా థాంక్సండి. మా బాబాయికి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. "సివిలియన్లా? అదైతే వేరే సంగతి, ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. మేం చెప్పింది మొదటి రోజు నుంచీ అదే. రెండు ప్రశ్నలు మిగిలాయి. సదరం సర్టిఫికెట్ సరిపోతుందా? పరీక్షలో అదనపు టైము ఇస్తారా?

తూర్పుతీరం:
యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఇప్పుడే అప్లై చేయించండి, సదరం కాగితం మీద ఉన్న పేరు, టెన్త్ మెమో మీద ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో చూసుకోండి. మనవాళ్ళకు ఇంటిపేరు ముందూ వెనకా అయి చాలామంది సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోతుంటారు. అదనపు టైము గంటకు 20 నిమిషాలు, అది రాయడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళకు. కాలికి మాత్రమే అయితే ఆశ పెట్టుకోవద్దు. టైపింగ్ టెస్టు ఉన్న పోస్టయితే స్పీడు మీద ఇప్పటినుంచే కూర్చోమనండి. హాల్‌టికెట్ రాగానే సెంటరుకు ఫోన్ చేసి గది ఏ అంతస్తులో ఉందో అడగండి, పైన ఉంటే కింద మార్పించమని ముందురోజే చెప్పండి.